కనబడకపోయిన వృద్ధవనిత

స్త్రీ తాను కన్నులార చూచిన సంగతిని చెప్పగా, పదుగురు కూడి కాదనినయెడల లోకమెవరి మాట నమ్మును? ఈ ప్రశ్నమును నవ్వించుచునే యడిగిన యాంగ్లేయ చలనచిత్ర మొకటి కలదు. దాని పేరు ‘ది లేడీ వానిషెస్’. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకత్వమున 1938వ సంవత్సరమున వెలువడినది. ఈథెల్ లీనా వైట్ అను రచయిత్రి 1936లో ప్రకటించిన నవల దీనికి మూలము.

ఐరోపాలోని యొక కల్పితదేశమునుండి బయలుదేరిన రైలుబండిలో ఐరిస్ అను యువతి, మిస్ ఫ్రాయ్ అను వృద్ధురాలితో కలిసి తేనీరు త్రాగి, పిదప కొంతతడవు నిద్రించును. మేల్కొనుసరికి వృద్ధురాలు లేదు. అట్టి మనిషి బండిలో నెన్నడును లేదని తోడి ప్రయాణికులందురు. తలకు దెబ్బ తగులుటచే నామెకు భ్రమ కలిగినదని యొక వైద్యుడు గంభీరముగా నిర్ణయించును.

ఆ వైద్యుడు కుట్రలోనివాడే. కాని కుట్ర నెరుగని యాంగ్లేయులు సైతము నిజమును దాచుట గమనింపదగినది. ఇద్దరు పెద్దమనుష్యులకు, బండి యాలస్యమైన మాంచెస్టరులోని క్రికెట్టు పోటీ తప్పిపోవునని దిగులు. న్యాయాధిపతి పదవి నాశించు వేరొకనికి, పరస్త్రీతో చేయు రహస్యయాత్ర బయటపడునని భయము. ఎవరి స్వల్పప్రయోజనము వారిది. బలియగునది మాత్ర మొక వృద్ధురాలి ప్రాణము! తుదకు గిల్బర్టు అను సంగీతప్రియుడొక్కడే, ఆమె త్రాగిన తేయాకు పొట్లపు కాగితము కిటికీ యద్దమున కంటుకొనగా చూచి, ఐరిస్ మాట సత్యమని గ్రహించును.

పిల్లలకు పాఠములు చెప్పుకొను సాధువనితగా తోచిన మిస్ ఫ్రాయ్ నిజమునకు బ్రిటిషు గూఢచారిణి. రెండు దేశముల రహస్యపు టొడంబడికలోని యంశమును ఆమె యొక పాట వరుసలో నిమిడ్చి తీసికొనిపోవుచున్నది. ముదుసలి స్త్రీని లెక్కచేయని లోకస్వభావమే యామెకు కవచము.

కడపట శత్రుసైనికులు బండిని చుట్టుముట్టుదురు. పోరాటము వలదని వాదించిన యా పెద్దమనిషి తెల్ల చేతిరుమాలు నూపుచు దిగి, వారి తుపాకిగుండుకే కూలిపోవును. ఈ దృశ్యము చిత్రింపబడినప్పటి కింకను మ్యూనిచ్ ఒడంబడిక జరుగలేదు. 1938 సెప్టెంబరులో బ్రిటను, ఫ్రాన్సు దేశములు చెకొస్లొవేకియాలోని సుడెటను ప్రాంతమును హిట్లరునకు విడిచిపెట్టి, శాంతి లభించినదని సంతోషించెను. ఆరు మాసములు తిరుగకమునుపే జర్మను సైన్యము ప్రేగు నగరమున ప్రవేశించెను. రానున్న దానిని హాస్యచిత్రమే ముందుగా పసిగట్టినది!

ఇక నా క్రికెట్టు ప్రియులు ఇల్లు చేరుసరికి, వరదలచే పోటీయే నిలిచిపోయినది!

సోదరీమణులారా! అన్యాయము నెల్లప్పుడును దుర్మార్గులే నడపరు. ‘మనకెందుకు’ అని మౌనము వహించు మర్యాదస్థులును దానికి దారి విడుతురు. మన యింటిలో నొక బాలిక ‘నేను చూచితిని’ అని చెప్పినపుడు, ‘నీ భ్రమ’ యని త్రోసివేయక, ముందుగా నామె మాట పూర్తిగా విందుము గాక.