వెబ్ చిరునామాకు దేశం తోక

అమెరికాలో కూర్చుని ‘ఇన్‌కమ్ ట్యాక్స్ లాస్ట్ డేట్’ అని గూగుల్‌ను అడిగితే ఏప్రిల్ 15 అంటుంది. బ్రిటన్‌లో జనవరి 31 అంటుంది. మన జీతగాళ్లకు మామూలుగా జులై 31. ప్రశ్న ఒకటే అయినా సరైన జవాబులు మూడు. ఏ పేజీ ఏ దేశం వాళ్లకోసమో సెర్చ్ ఇంజిన్‌కు తెలియాలి. అందుకు దానికి మొదట దొరికిన ఆధారం వెబ్ చిరునామా చివరి రెండక్షరాలు.

ఆ అక్షరాలు పుట్టింది మాత్రం సెర్చ్ కోసం కాదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించారు. మరుసటి ఏడాది జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 920 పత్రం పేర్ల చివర కామ్, ఎడ్యు లాంటి వాటితో పాటు దేశాల కోడ్‌లకూ చోటిచ్చింది. ఏది దేశం, ఏది కాదు అనే తగవులో తలదూర్చకుండా ఐఎస్‌ఓ 3166 పట్టికనే ఆధారం చేసుకున్నారు. మన డాట్ ఇన్ 1989లో వచ్చింది. చాలాకాలం నిబంధనల బిగింపులో ఉండి, 2005లో గానీ అందరికీ అందుబాటులోకి రాలేదు.

సెర్చ్ ఇంజిన్లు ఈ తోకను నమ్మాయి. దాంతో పాటు సర్వర్ ఉన్న చోటు, పేజీలోని చిరునామా, ఫోన్ నంబరు, రూపాయి గుర్తు, స్థానిక సైట్ల నుంచి వచ్చే లింకులు కూడా చూశాయి. కానీ టువాలు దీవుల డాట్ టీవీని వీడియో కంపెనీలు, ఆంగ్విల్లా డాట్ ఏఐని కృత్రిమ మేధ కంపెనీలు ఎగరేసుకుపోయాయి. ఇలాంటి తోకల్ని గూగుల్ ఇప్పుడు ఏ దేశానికీ కట్టడం లేదు. ఒకే పేజీని ప్రపంచమంతటా ఉన్న సర్వర్ల నుంచి పంపే పద్ధతి వచ్చాక సర్వర్ ఊరికీ విలువ తగ్గింది.

2011లో గూగుల్ ‘హెచ్‌రెఫ్‌లాంగ్’ అనే గుర్తుకు ఇప్పటి రూపమిచ్చింది. పేజీ కోడ్‌లో పాఠకుడికి కనబడని ఒక్క వరస అది. అందులో ముందు భాష, తర్వాత దేశం: ‘టీఈ-ఐఎన్’ అంటే భారత్‌లోని తెలుగువాళ్లకు. ఒకే పేజీకి వేర్వేరు దేశాల కోసం రెండు రూపాలుంటే అవి ఒకదాన్నొకటి చూపాలి. ఒకటే చూపితే చెల్లదు. బ్రిటన్‌కు ‘యూకే’ అని రాసినా చెల్లదు. చిరునామాల్లో వాళ్ల తోక యూకేనే గానీ, ఐఎస్‌ఓ పట్టికలో వాళ్ల కోడ్ ‘జీబీ’.

వెతికేవాడి వైపూ లెక్క మారింది. గూగుల్ డాట్ కో డాట్ ఇన్‌కు వెళ్తేనే భారత్ ఫలితాలు అనే రోజులు 2017తో పోయాయి. ఇప్పుడు మనిషి ఉన్న చోటే లెక్క. సైటు యజమాని తన పేజీలకు దేశాన్ని ఎంచుకునే సదుపాయాన్ని కూడా 2022లో తీసేశారు.

కాబట్టి తోక తగిలించుకునే ముందు కొనేవాళ్లు, చదివేవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవాలి. విజయవాడలో సరుకు అమ్మే దుకాణానికి డాట్ ఇన్ లాభమే. డాలస్ తెలుగువాళ్లూ చదవాలనుకునే కథల సైటుకు డాట్ కామ్ మేలు. హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తులోనూ దేశం వదిలేసి ‘టీఈ’ ఒక్కటి రాస్తే చాలు.