గరాటు ఎంతో, ధార అంత!

పిల్లలూ, ఒక గంగాళం నిండా నీళ్ళున్నవి. వాటిని గరాటు పెట్టి పెద్ద పీపాలోకి పోయాలి. గంగాళం పెద్దదైతేనేం, పీపా పెద్దదైతేనేం? గరాటు సన్ననిదైతే ధార కూడా సన్నగానే పడుతుంది. కంప్యూటరులో ఉన్నవాటికి మరొక డిస్కులో నకలు తీయటం కూడా ఇలాంటిదే.

లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో పెళ్ళి ఫోటోలూ, తాతగారు కథలు చెబుతుండగా తీసిన వీడియోలూ కలిసి 360 గిగాబైట్లు ఉన్నవనుకోండి. అంటే 3,60,000 మెగాబైట్లు. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 పద్ధతిలో సెకనుకు 480 మెగాబిట్లకు మించి పోవు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనక, ఇవి 60 మెగాబైట్లు. అంటే మొత్తానికి 6,000 సెకన్లు; 1 గంట 40 నిమిషాలు! నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. "సిద్ధమా?" "అందిందా?" అని యంత్రాలు రెండూ చెప్పుకునే మాటలు కూడా ఆ తీగ మీదనే పోవాలి మరి.

2008లో యు.ఎస్.బి. 3.0 వచ్చింది. దాని పరిమితి సెకనుకు 5 గిగాబిట్లు. పాతదానికి పదిరెట్ల పైమాటే. అయితే పని పదోవంతు కాలంలో ముగుస్తుందా? ముగియదు! లోపల పళ్ళేలు గిరగిరా తిరిగే హార్డు డిస్కు సెకనుకు 120 మెగాబైట్లే రాసుకోగలదనుకోండి. అప్పుడు 50 నిమిషాలు పట్టి తీరుతుంది. ఇప్పుడు గరాటు తీగ కాదు, డిస్కే! కొత్త డిస్కు కొని పాత కంప్యూటరుకు తగిలించినా అంతే. అది పాత వేగంతోనే నడుస్తుంది.

ఇంతసేపు పడుతుందని చాలామంది, "రేపు చూద్దాంలే," అంటారు. కాని డిస్కు చెడిపోయే ముందు చెప్పి చెడిపోదు. అందుచేత మొదటిసారి రాత్రి పడుకోబోయే ముందు పని మొదలుపెట్టి, తెల్లవారి చూసుకోవచ్చు. ఆ తరవాత కొత్తగా చేరినవాటికీ, మారినవాటికీ మాత్రమే నకలు తీస్తే చాలు. అది కొద్ది నిమిషాల పని.

గంటల ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు. నకలు లేకుండా పోయిన తాతగారి గొంతును మాత్రం ఎంత వేగంగల తీగ అయినా తిరిగి తేలేదు.