పని నడుమ వచ్చు పిలుపు: సి ప్రోగ్రాములలో సిగ్నళ్ళు

కళ్ళములో ధాన్యము కొలుచువాడు "లాభము, రెండు, మూడు" అని లెక్కించుచుండగా ఎవరైన పలుకరించినచో ఏమగును? లెక్క తప్పును. అందుచే తెలిసినవారు కొలత ఒక హద్దుకు వచ్చువరకు ఆగి పిలుతురు. కంప్యూటరులో నడచు ప్రోగ్రామునకు కూడ ఇట్టి పిలుపులు వచ్చుచుండును. వానిని సిగ్నళ్ళు అందురు. అయితే అవి ఆగి పిలుచునవి కావు.

యునిక్సు, లినక్సు వంటి వ్యవస్థలలో కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినచో 'సిగింట్' అను సిగ్నలు వచ్చును. గడువు తీరినదని తెలుపునది 'సిగాలరం'. పని ముగింపుమని కోరునది 'సిగ్‌టెర్మ్'. సిగ్నలు రాగానే ప్రోగ్రాము చేయుచున్న పనిని ఉన్నచోటనే విడిచి, దాని కొరకు మనము వ్రాసియుంచిన 'హ్యాండ్లరు' అను ఫంక్షనులోనికి పోవును. అది ముగిసిన పిదప విడిచిన చోటికి మరలివచ్చును.

ఇందు చిక్కేమి? 'మాలక్' అను ఫంక్షను మెమరీని పంచిపెట్టును. ఆ పంపకపు పద్దును ఇద్దరు ఒకేసారి దిద్దకుండుటకు అది తాళము వేసికొనును. పద్దు సగములో ఉండగా సిగ్నలు వచ్చినదనియు, హ్యాండ్లరు కూడ మాలక్‌నే పిలిచినదనియు అనుకొందము. తాళము తీయువరకు హ్యాండ్లరు ముందుకు సాగదు. హ్యాండ్లరు ముగియనిదే తాళము తీయు పని సాగదు. ప్రోగ్రాము అచ్చటనే బిగుసుకొనిపోవును. తాళము వేయని సందర్భమున అపాయ మింకను ఎక్కువ: సగము దిద్దిన పద్దుపై మరియొక దిద్దుబాటు పడి మెమరీ చెడిపోవును. 'ప్రింట్‌ఎఫ్', 'సిస్‌లాగ్' ఫంక్షనులను కూడ హ్యాండ్లరులో పిలువరాదు.

ఇది ఊహ కాదు. దూరపు కంప్యూటరులోనికి భద్రముగ ప్రవేశించుటకు వాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లో ఇట్టి లోపము 2006లో బయటపడగా సరిచేసిరి. 2020లో చేసిన యొక మార్పులో ఆ రక్షణ పొరపాటున తొలగిపోయినది. 120 సెకండ్లలో తన గుర్తింపును రుజువు చేయనివారి గడువు తీరగా సిగాలరం వచ్చెడిది. దాని హ్యాండ్లరు సిస్‌లాగ్‌ను పిలిచెడిది. సరిగా ఆ క్షణమును గురిచూచి, అనుమతి లేనివారు కంప్యూటరును పూర్తిగా వశపరచుకొనవచ్చునని 2024 జూలైలో క్వాలిస్ సంస్థ పరిశోధకులు 32 బిట్ల లినక్సుపై చూపిరి. 9.8వ రూపములో ఆ లోపమును దిద్దిరి.

ఒక్కరు పనిచేయుచోటనే ఇంత చిక్కున్నచో, పలువురు పనిచేయుచోట నెట్లుండును? ఒకే ప్రోగ్రాములో ఏకకాలమున సాగు పనుల వరుసలను 'థ్రెడ్లు' అందురు. ప్రోగ్రాము మొత్తమునకు వచ్చిన సిగ్నలు, దానిని అడ్డుకొనని థ్రెడ్లలో ఏదో యొకదానికి చేరును. అది యేదో ముందుగ చెప్పలేము. ఆ థ్రెడ్డు అప్పుడే తాళము చేబట్టి యుండవచ్చును.

దీనికి మేలైన ఉపాయము, గుమ్మమువద్ద ఒకరిని కూర్చుండబెట్టుట. మెయిన్ ఫంక్షనులో ఇతర థ్రెడ్లను పుట్టించుటకు ముందే 'పీథ్రెడ్ సిగ్‌మాస్క్' తో ఆ సిగ్నళ్ళను అడ్డవలెను. తరువాత పుట్టు థ్రెడ్లన్నియు ఆ అడ్డును వారసత్వముగ పొందును. పిమ్మట ఒక్క థ్రెడ్డు మాత్రము 'సిగ్‌వెయిట్' ను పిలిచి వేచియుండవలెను. అప్పుడు సిగ్నలు ఎవరి పనిని నడుమ తెంపదు. వేచియున్న థ్రెడ్డు మేల్కొని, మామూలు పనివలెనే మాలక్‌ను, తాళములను వాడుకొనవచ్చును.

హ్యాండ్లరు తప్పనిసరియైనచో, అది 'రైట్' ఫంక్షనుతో పైపులోనికి ఒక్క బైటు వ్రాసి, 'ఎర్‌నో' విలువను చెడనీయక మరలిపోవలెను. మిగిలిన పని పైపు రెండవ కొసన ఉన్నవారిది. అయితే ఒక థ్రెడ్డు తనకు చెందని మెమరీని తాకుటచే వచ్చు 'సిగ్‌సెగ్వి' వంటి సిగ్నలు ఆ థ్రెడ్డుకే చేరును. దానిని సిగ్‌వెయిట్‌తో పట్టుటకు వీలులేదు.

ఈ దోషము పరీక్షలలో సులభముగ చిక్కదు. సిగ్నలు ఆ చిన్న సందులోనే పడవలెను గదా! వేయిమారులు సరిగా నడచిన ప్రోగ్రాము వేయిన్నొకటవసారి నిలిచిపోవచ్చును. కాబట్టి విద్యార్థులు హ్యాండ్లరు వ్రాయునపుడు ప్రతి పంక్తికి ఒక ప్రశ్న వేసికొనవలెను: "ఇదే పని ఇప్పుడు సగములో ఆగియున్నచో ఏమగును?"