మీకు తెలుసా? ‘ఎం’ అక్షరం ఏ రంగు?
రచయిత వ్లాదిమిర్ నబొకోవ్‌కు అప్పుడు ఏడో ఏడు. అక్షరాలున్న దిమ్మలతో టవర్ కడుతూ, వాటికి వేసిన రంగులన్నీ తప్పని తల్లితో అన్నాడు. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారేమో. ఆమెకూ అక్షరాలు రంగుల్లోనే తోచేవి!

దీన్నే సినెస్థీషియా అంటారు. జబ్బు కాదు. అచ్చు నల్లగానే ఉందని తెలుస్తుంది, అయినా మనసుకు రంగు తడుతుంది. ఏ అక్షరానికి ఏ రంగన్నది ఏళ్లు గడిచినా దాదాపు మారదు, కానీ మనిషి మనిషికీ వేరు. నబొకోవ్‌కు ‘ఎం’ గులాబీ, భార్య వేరాకు నీలం, కొడుకు ద్మిత్రీకి ఊదా. గులాబీలో నీలం కలిస్తే వచ్చేది ఊదాయే కదా! జన్యువులే కుంచె పట్టి ఈ రంగులు కలిపాయేమో అనిపిస్తుందని 1962లో బీబీసీ ఇంటర్వ్యూలో ఆయన చెప్పాడు.