వందేళ్ళు నిలవున్న బిస్కెట్టు

బిస్కెట్టుతో ఎవరైనా ఫోటో ఫ్రేము చేస్తారా? చేశారు! మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-18) బ్రిటిష్ సైనికులకు రేషనులో ఇచ్చిన బిస్కెట్టు అంత గట్టిది. గోధుమపిండి, ఉప్పు, నీళ్ళు కలిపి తడి మిగలకుండా కాల్చేవారు. కొరికితే పళ్ళు విరిగేవి. అందుకే నీళ్ళలో నానబెట్టో, పొడిగొట్టి జావ కాచుకునో తినేవారు. కొందరు దాని మీద బొమ్మలు వేశారు. కొందరు ఇంటివాళ్ళ ఫోటో అమర్చుకున్నారు. కొందరైతే వెనకవైపు చిరునామా రాసి, కార్డులా పోస్టులో పంపేశారు! వందేళ్ళు దాటినా ఆ జ్ఞాపికలు బ్రిటన్, ఆస్ట్రేలియా మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఎందుకు పాడవలేదు? తడి లేనిచోట బూజు, సూక్ష్మజీవులు పెరగవు. మన వడియాలు, అప్పడాలు ఏడాదిపాటు నిలవుండే కిటుకూ అదే. కాని నిలవుండే తిండి ఒక్కటే మనిషిని నిలబెట్టదు. ఆ సంగతి మన సిపాయిలు కూడా ఉన్న ఒక ముట్టడిలో తేలింది.

ఒకే కోట - రెండు జబ్బులు

ఇప్పటి ఇరాక్‌లోని కూట్ పట్టణంలో 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా బ్రిటిష్, భారత సైనికులు టర్కీ సేనల ముట్టడిలో చిక్కుకున్నారు. తెల్లపిండి రొట్టె తిన్న బ్రిటిష్ వారికి బెరిబెరి వచ్చింది. పొట్టుతో విసిరిన గోధుమపిండి తిన్న మన వాళ్ళకు అది రాలేదు. తెల్లపిండి అయిపోయి అందరూ ముతకపిండికి దిగాక బ్రిటిష్ వారిలోనూ తగ్గుముఖం పట్టింది. పొట్టులో ఉండే విటమిన్ బి1 చేసిన మేలు అది.

మరి మన సిపాయిలో? కూరగాయలు లేవు. గుర్రపు మాంసం చాలామంది ముట్టలేదు. దాంతో విటమిన్ సి అందక స్కర్వీ పట్టుకుంది. చిగుళ్ళు వాచి నెత్తురు కారడం దాని లక్షణం.

మన వంటింట్లో

బెరిబెరి మనకు కొత్త కాదు. ఒకప్పుడు సర్కారు జిల్లాల్లో బాగా కనిపించేది. మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్య కారణం. కనుక బియ్యాన్ని అయిదారుసార్లు రుద్ది కడగకండి. గంజి పారబోయకండి, అత్తెసరు పెట్టండి. వీలైతే దంపుడు బియ్యమో, ఉప్పుడు బియ్యమో వాడండి. పప్పు, వేరుశనగ రోజూ ఉండనివ్వండి. ఒక జామకాయో, ఉసిరికాయో, అన్నంలో పిండుకున్న నిమ్మచెక్కో సి విటమిన్‌ను అందిస్తుంది. నిమ్మరసం పొయ్యి దించాకే పిండండి. పెసలు మొలకెత్తిస్తే వాటిలోనూ ఆ విటమిన్ పుడుతుంది.

కాళ్ళు తిమ్మిరెక్కి నీరు పట్టినా, ఆయాసం వచ్చినా, చిగుళ్ళ నుంచి నెత్తురు కారినా సొంత వైద్యం చేసుకోక డాక్టరుకు చూపించండి. తాగుడు అలవాటున్న వారికి బి1 లోపం త్వరగా వస్తుందని మరవకండి.

పిల్లలు అన్నం మానేసి బిస్కెట్లతో కడుపు నింపుకుంటుంటే మాత్రం ఆ డబ్బా కాస్త పై అరలో పెట్టండి. నిలవుంటుంది లెండి, పాడవదు!