ముగ్గురికే చోటున్న వేదిక
నెగ్గినవాళ్ల ఫొటోలు ఫ్లెక్సీలెక్కుతాయి. ఓడినవాళ్ల తర్వాతి రోజు ఎవరి పూచీ?

ఎల్‌బీ నగర్ నుంచి కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట ఏ ఫ్లెక్సీ చూసినా నెగ్గినవాళ్ల ముఖాలే. కోచింగ్ సెంటర్లది ర్యాంకుల లెక్క, డ్యాన్స్ స్కూళ్లది కప్పుల లెక్క. ‘ఢీ’ లాంటి టీవీ షోలు వచ్చాక సెలెక్షన్, ఎలిమినేషన్ అన్నవి ఇంట్లో మాటలైపోయాయి. సెలెక్ట్ కాని పిల్లల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం ఎంత ప్రమాదకరమో చూపించిన సినిమా ఒకటి 1984లో ఇటలీ నుంచి వచ్చింది. లూచియో ఫుల్చీ తీసిన ‘మర్డర్ రాక్’ అది. హత్యల సినిమాగానే పేరుపడినా, పోటీ గురించి అది చెప్పిన నిజం మన పిల్లలకూ వర్తిస్తుంది.

కథ న్యూయార్క్‌లోని ఒక డ్యాన్స్ అకాడమీలో సాగుతుంది. అంతకు ముందు ఏడాది ‘ఫ్లాష్‌డ్యాన్స్’ రేపిన ఊపు, కీత్ ఎమర్సన్ సంగీతపు హోరు తెర నిండా కనిపిస్తాయి, వినిపిస్తాయి. బృందంలో ఎందరున్నా పెద్ద షోకు తీసుకునేది ముగ్గురినే. అక్కడి నుంచి హత్యలు మొదలవుతాయి. హత్య చేసే చేతిలో కత్తి ఉండదు. మత్తుమందుతో స్పృహ తప్పించి, ఆడవాళ్లు టోపీ జారకుండా గుచ్చుకునే పొడవాటి పిన్నును గుండెలోకి మెల్లగా దింపుతారు. నెత్తుటేరులు పారించే దర్శకుడిగా పేరున్న ఫుల్చీ ఇక్కడ చెయ్యి బిగబట్టాడు. భయాన్ని గాయంలో కాక లెక్కలో పెట్టాడు. ఒకరు పోతే మిగిలినవాళ్లకు చోటు పెరుగుతుంది కనుక అందరి మీదా అనుమానమే. ముగింపు చెప్పకుండా వాదన సాగదు: హంతకురాలు డ్యాన్స్ నేర్పే క్యాండిస్. రోడ్డు ప్రమాదంతో నాట్యజీవితం ముగిసిపోయిన మనిషి.

సరిగ్గా ఆ రోజుల్లోనే రోడ్డు ప్రమాదం పాలైన నర్తకి కథ మన తెరకూ ఎక్కింది. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, జైపూర్ కాలుతో మళ్లీ గజ్జె కట్టారు. ఆ జీవితాన్నే సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’ (1985)గా తీశారు. ఉషాకిరణ్ మూవీస్ సంస్థ ఆమెతోనే ఆమె పాత్ర వేయించింది. ఒకటి కల్పన, ఒకటి జీవితం, రెంటినీ పోల్చడమేమిటని అడగవచ్చు. పోల్చేది ఆ ఇద్దరినీ కాదు, వాళ్ల చుట్టూ ఉన్నదాన్ని. సుధకు ఆమె పట్టుదలతో పాటు వైద్యం అందింది, తిరిగి సాధన చేసే వ్యవధి దొరికింది. ఆమె లేచి నిలబడటానికి ఎవరూ తప్పుకోవక్కర్లేదు. క్యాండిస్‌కు మాత్రం తాను పోగొట్టుకున్నది మరొకరికి దక్కడాన్ని రోజూ చూడటమే మిగిలింది. ‘మయూరి’ని పట్టుదల పాఠంగా మాత్రమే చెప్పుకుంటే, పక్కన నిలిచిన చేతులను మరిచిపోయినట్టే.

ఇలాంటి సినిమాలు ఆడవాళ్ల ఒంటినీ చావునూ అమ్ముకుంటాయన్న అభ్యంతరం న్యాయమైనదే. ‘మర్డర్ రాక్’లోనూ కెమెరా చూపు చాలాచోట్ల ఇబ్బంది పెడుతుంది. దాన్ని సమర్థించనక్కర్లేదు. కానీ హత్యల వెనక అది చూపించిన కారణాన్ని కొట్టిపారేయలేం. పోటీ లేకపోతే విద్య పదునెక్కదన్న వాదనలోనూ నిజముంది. తప్పు పోటీది కాదు, గెలుపు తప్ప మరో దారి లేదని పిల్లలకు నూరిపోసే శిక్షణది. ఓడినవాళ్లంతా హంతకులవుతారని ఎవరూ అనరు. ఎక్కువమంది తమలో తామే కుమిలిపోతారు. పదిమందిలో ముగ్గురిని ఎంచుకునే చోట ఏడుగురు మిగలడం ముందే తెలిసిన లెక్క. ఆ ఏడుగురికి కొరియోగ్రఫీ, బోధన, రంగస్థలం, పోటీ లేని ప్రదర్శన అనే దారులు ఆడిషన్‌కు ముందే చూపించాలి. కప్పు తెచ్చినవాళ్లు ఎందరని అడిగే తల్లిదండ్రులు, తేలేనివాళ్లలో ఎందరు ఇంకా ఆడుతున్నారని కూడా అడగాలి. డ్యాన్స్ స్కూలు విలువ తేలేది ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబులోనే.