ఎండకు గొంతు మారే పెడల్: గిటార్ వాద్యకారులు వదలని పాత పరికరాల వెనుక భౌతికశాస్త్రం

జనవరి రాత్రి, ఢిల్లీలో ఒక చిన్న వేదిక. గిటార్ వాయిస్తున్న వ్యక్తి కాలి దగ్గరున్న లోహపు డబ్బా మీది మీటను నొక్కగానే తీగ శబ్దం ఒక్కసారిగా చిక్కబడుతుంది. గరగరలాడుతూ, చాలాసేపు నిలిచి పలుకుతుంది. మే నెలలో అదే గిటార్, అదే డబ్బా, అవే వేళ్లు. కానీ ఆరుబయట ఎండలో పెట్టిన ఆ డబ్బా నుంచి స్వరం తెగి తెగి వస్తుంది, ఒక్కోసారి పూర్తిగా మూగబోతుంది. సాయంత్రం చల్లబడ్డాక మళ్లీ మామూలే. డబ్బాలో ఏదీ చెడిపోలేదు. లోపలున్న జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు వేడి సోకింది, అంతే.

ఈ డబ్బా పేరు ఫజ్ పెడల్. గిటార్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని కావాలనే వికృతం చేసి ఆంప్లిఫయర్‌కు పంపడం దాని పని. 1960ల నాటి ఈ సర్క్యూట్‌లో పట్టుమని డజను విడిభాగాలుంటాయి. ఇప్పుడు ఒక్క మొబైల్ యాప్‌లోనే వందల రకాల గిటార్ శబ్దాలు దొరుకుతున్నాయి. అయినా వేడికి తట్టుకోలేని ఈ పాత డబ్బా కోసం వెతికేవారు తగ్గలేదు. దాని లోపాలను, దాని అందాన్ని విడదీయలేకపోవడమే అందుకు కారణం.

శిఖరాలు కోస్తే ఏమవుతుంది?

గిటార్‌లో ఐదో తీగను వట్టిగా మీటితే సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. దాంతోపాటే 220, 330, 440 హెర్ట్జ్‌ల దగ్గర మరికొన్ని కంపనాలు పుడతాయి. వీటినే అనుస్వరాలు అంటాం. ఏ అనుస్వరం ఎంత బలంగా ఉందన్న లెక్కను బట్టే మన చెవి అది గిటారో, వేణువో పోల్చుకుంటుంది.

గిటార్ పికప్ ఇచ్చే సంకేతం చాలా చిన్నది. ఫజ్ పెడల్ దాన్ని ఎన్నో రెట్లు పెంచడానికి ప్రయత్నిస్తుంది. కానీ లోపలున్నది 9 వోల్టుల బ్యాటరీ. తరంగం ఆ హద్దు దాటి ఎదగలేదు కాబట్టి దాని శిఖరాలు, లోయలు కోసినట్టు బల్లపరుపుగా మారతాయి. పైన, కింద సమానంగా కోతపడితే 330, 550, 770 హెర్ట్జ్‌ల వంటి బేసి అనుస్వరాలు కొత్తగా పుడతాయి. ఒకవైపు ఎక్కువ, మరోవైపు తక్కువ కోతపడితే సరి అనుస్వరాలూ చేరతాయి. తీగ కంపనం సన్నగిల్లుతున్నా, కోతకు గురయ్యేంత బలం ఉన్నంతసేపు బయటికొచ్చే తరంగం ఎత్తు దాదాపు ఒకేలా ఉంటుంది. స్వరం చాలాసేపు నిలిచినట్టు వినిపించేది అందుకే.

రెండు స్వరాలను కలిపి పంపితే వ్యవహారం మరింత ఆసక్తికరంగా మారుతుంది. 110, 165 హెర్ట్జ్‌ల స్వరాలు, అంటే మన షడ్జమ పంచమాలు కలిసి వస్తే, వాటి తేడా 55, మొత్తం 275 కూడా కొత్తగా వినిపిస్తాయి. ఇవన్నీ 55కు గుణిజాలే కనుక ఒకదానితో ఒకటి పొసుగుతాయి, శబ్దం బరువెక్కుతుంది. గిటార్‌లో షడ్జమం పక్కన గాంధారం పలికిస్తే 110, సుమారు 138.6 హెర్ట్జ్‌లు వస్తాయి. వాటి తేడా 28.6, మొత్తం 248.6. ఇవి మూల స్వరాలతో పొసగవు, శబ్దం గజిబిజి అవుతుంది. రాక్ గిటారిస్టులు ఫజ్‌తో ఎక్కువగా రెండు స్వరాల పంచమ జంటలనే వాయించడం వెనుక ఈ లెక్క ఉంది.

సితార్ జవారీ, తంబురా జీవ

ఫజ్ శబ్దం ఒక లోపం నుంచి పుట్టింది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక పాట రికార్డు చేస్తుండగా మిక్సింగ్ పరికరంలోని ఒక భాగం చెడిపోయి, గిటార్ గరగరలాడింది. ఆ శబ్దాన్ని పాటలో అలాగే ఉంచేశారు. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నోడీ దాన్ని ట్రాన్సిస్టర్లతో తిరిగి సృష్టించే సర్క్యూట్ తయారుచేశారు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట ఒకటి హిట్టయ్యాకే దానికి గిరాకీ వచ్చింది.

అదే ఏడాది లండన్‌లో యార్డ్‌బర్డ్స్ బృందం ఒక పాటకు సితార్ వాద్యకారుణ్ని పిలిపించి రికార్డు చేయించింది. ఆశించిన ఊపు రాలేదు. చివరికి గిటారిస్టు జెఫ్ బెక్ ఫజ్ పెడల్‌తో సితార్ ధ్వనిని అనుకరించి ఆ పాట పూర్తి చేశారు. సితార్‌కు బదులుగా ఫజ్ సరిపోవడం కాకతాళీయం కాదు. రెండూ ఒకే రకమైన పని చేస్తాయి.

సితార్ తీగ కింద ఉండే మేరువు, గిటార్‌లోలా పదునైన అంచు కాదు. వెడల్పుగా, కాస్త ఒంపు తిరిగిన పలక. తీగ కంపించేటప్పుడు ఆ ఒంపును రాసుకుంటూ, చుట్టుకుంటూ, విడిపోతూ ఉంటుంది. ప్రతి కంపనంలోనూ తీగ పొడవు లేశమాత్రంగా మారుతుంది. తక్కువ పౌనఃపున్యాల్లోని శక్తి కొంత పై అనుస్వరాలకు బదిలీ అవుతుంది. ఆ పలకను ఆకురాయితో అరగదీసి సరిచేసే పనినే జవారీ అంటారు. మన తంబురా వాద్యకారులు తీగ కింద నూలుపోగు జరిపి ‘జీవ’ పలికించడంలో ఉన్నదీ ఇదే సూత్రం.

1921లో కలకత్తాలో సి.వి. రామన్ తంబురా, వీణల తీగలను పరిశీలించి ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. తీగను ఎక్కడ మీటుతామో అక్కడ అస్పందన స్థానం ఉండే అనుస్వరాలు వినిపించకూడదని యంగ్-హెల్మ్‌హోల్ట్జ్ నియమం చెబుతుంది. ఉదాహరణకు తీగను సరిగ్గా మధ్యలో మీటితే సరి అనుస్వరాలు ఉండకూడదు. కానీ మన వాద్యాల్లో ఆ ‘ఉండకూడని’ అనుస్వరాలే బలంగా వినిపించాయి. అందుకు మేరువు ఆకారమే కారణమని రామన్ గుర్తించారు. ఈ రకం వ్యవస్థల్ని ఇప్పుడు అరేఖీయ వ్యవస్థలు అంటున్నారు. అంటే ఇచ్చినదాన్ని పెంచి తిరిగివ్వడమే కాక, ఇవ్వనిదాన్ని కూడా కలిపి ఇచ్చేవి. మేరువు ఆ పని యాంత్రికంగా చేస్తే, ఫజ్ విద్యుత్‌తో చేస్తుంది.

ఈ బంధం రెండు వైపులా నడిచింది. 1966 జులైలో ఢిల్లీలో ఆగిన బీటిల్స్ బృందం కనాట్ ప్లేస్‌లోని రిఖీరామ్ వాద్యాల దుకాణానికి వెళ్లింది. జార్జ్ హారిసన్ అక్కడ సితార్ కొన్నారు. 1967లో అమెరికాలో కోరల్ ఎలక్ట్రిక్ సితార్ మార్కెట్లోకి వచ్చింది. నిజానికి అది జవారీ తరహా పలకను మేరువుగా బిగించి, 13 అనునాద తీగలు చేర్చిన గిటార్. తర్వాత అది మరుగున పడినా, ఆ శబ్దం కోరుకునే గిటారిస్టులు ఇప్పటికీ ఉన్నారు.

ఢిల్లీ ఎండ, జెర్మేనియం లీకేజీ

తొలి ఫజ్ పెడళ్లన్నీ జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో తయారైనవే. ఏ అర్ధవాహకంలోనైనా ఎలక్ట్రాన్ బంధం తెంచుకుని స్వేచ్ఛగా తిరగాలంటే కొంత శక్తి కావాలి. సిలికాన్‌లో అది సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, జెర్మేనియంలో సుమారు 0.67 మాత్రమే. గడప ఎత్తు తక్కువ కాబట్టి, మామూలు గది వేడికే జెర్మేనియంలో బోలెడన్ని ఎలక్ట్రాన్లు గడప దాటేస్తాయి. ఎవరూ పంపకుండానే పారే ఈ ప్రవాహమే లీకేజీ.

ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా జెర్మేనియం లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. ఇప్పుడు ఢిల్లీ వాతావరణం చూద్దాం. జనవరిలో తెల్లవారుజామున 5 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు అనుకుంటే తేడా 40. రెట్టింపు నాలుగుసార్లు, అంటే 16 రెట్లు. 25 డిగ్రీల దగ్గర 100 మైక్రోఆంపియర్లు లీకయ్యే ట్రాన్సిస్టర్ చలిలో 25, ఎండలో 400 మైక్రోఆంపియర్లు వదులుతుంది. ప్రసిద్ధమైన ఫజ్ ఫేస్ సర్క్యూట్‌లో మొదటి ట్రాన్సిస్టర్ గుండా పారాల్సిన విద్యుత్తే దాదాపు 240 మైక్రోఆంపియర్లు. లీకేజీ దాన్ని మించిపోతే సర్క్యూట్ నిలకడ స్థానం పక్కకు జరిగిపోతుంది. తరంగంలో ఒకవైపు కోత మరీ లోతుగా పడుతుంది. స్వరం తెగిపోతున్నట్టు వినిపించేది అప్పుడే.

సిలికాన్ ట్రాన్సిస్టర్లలో లీకేజీ లెక్కలోకి రానంత తక్కువ. అందుకే 1960ల చివరికి పెడళ్లలోనూ సిలికాన్ వచ్చేసింది. మరి జెర్మేనియం మీద ఇంకా ఈ మోజెందుకు? పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్లు సాధారణంగా తక్కువ రెట్లే పెంచుతాయి, పై పౌనఃపున్యాలను సరిగా అందుకోలేవు. దాంతో కోత అంచులు కాస్త నునుపు తేలతాయి, చెవికి గుచ్చుకోవు. అంటే మహిమ ఆ మూలకంలో కాదు, ఆ కాలపు విడిభాగం పరిమితుల్లో ఉంది.

ఇలాంటిదే ఇంకో నమ్మకం ఉంది. ఫజ్‌కు చవకరకం కార్బన్-జింక్ బ్యాటరీయే మేలని, దాని అంతర్నిరోధమే అందుకు కారణమని చాలామంది చెబుతారు. ఫజ్ వాడుకునేది ఒక మిల్లీఆంపియర్ లోపే. 50 ఓముల నిరోధం ఉందనుకున్నా తగ్గే వోల్టేజీ 0.05 వోల్టు. అది చెవికి అందే తేడా కాదు. సగం అయిపోయిన బ్యాటరీ 9 బదులు 7.5 వోల్టులే ఇస్తుంటే మాత్రం కోత ముందే మొదలవుతుంది. నమ్మకంలో నిజం లేకపోలేదు, కారణమే వేరు.

తాతగారి ట్రాన్సిస్టర్‌లో

జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఒకప్పుడు మన దేశంలోనూ తయారయ్యాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1962లో జెర్మేనియం అర్ధవాహక పరికరాల ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏసీ128 వంటి రకాలు ఆ కాలపు రేడియోలలో స్పీకర్‌ను నడిపేవి. తెలుగు ఇళ్లలో రేడియోనే ‘ట్రాన్సిస్టర్’ అని పిలిచిన రోజులవి. వార్తలూ క్రికెట్ వ్యాఖ్యానమూ వినిపించిన ఆ విడిభాగాన్నే ఇప్పుడు ఫజ్ తయారుచేసేవారు ఏరుకుంటున్నారు.

ఏరడం ఎందుకంటే, ఒకే నంబరున్న రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా ఉండవు. మామూలు మల్టీమీటర్ లీకేజీని కూడా పెంపులో కలిపి చూపిస్తుంది. పరీక్షలో బేస్‌కు 4 మైక్రోఆంపియర్లు ఇస్తే, 160 మైక్రోఆంపియర్ల లీకేజీ 40 రెట్ల పెంపులా కనిపిస్తుంది. మీటర్ 120 అని చూపితే అసలు పెంపు 80 అన్నమాట. అందుకే ముందు బేస్‌ను ఖాళీగా వదిలి లీకేజీ కొలిచి, తర్వాత బేస్‌కు విద్యుత్ ఇచ్చి, మొదటి అంకెను తీసేస్తారు. ఈ పరీక్ష చేస్తూ ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్లతో పట్టుకుంటే అంకె కళ్లముందే పెరుగుతుంది. ఒంటి వేడి కూడా దానికి ఎక్కువే.

ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా ఉన్న లజపత్ రాయ్ మార్కెట్ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరున్న చోటు. ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ దేశంలోని పెద్ద ఈ-వ్యర్థాల విడదీత కేంద్రాల్లో ఒకటి. తుక్కులో బరువును బట్టి ధర పలికేది రాగికి, ఇతర లోహాలకు. చిన్న లోహపు గొట్టంలా ఉండే జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కు అక్కడ విలువ లేదు. జెర్మేనియం మూలకానికి కొరత వచ్చిందని కాదు. పరారుణ కెమెరా లెన్సులకు, ఆప్టికల్ ఫైబర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఆ పాత రకం ట్రాన్సిస్టర్ల ఉత్పత్తి ఎప్పుడో ఆగిపోయింది. మిగిలిన నిల్వే ఉన్నదంతా. కరిగిపోయిన ప్రతి బోర్డుతో అది తరుగుతూనే ఉంటుంది.

చేతులు మారే బకెట్లు, చుట్టల తీగ

ఫజ్‌లాగే లోపాన్నే గుణంగా చేసుకున్న పరికరం ఇంకొకటుంది. ప్రతిధ్వని ఇచ్చే అనలాగ్ డిలే. 1969లో ఫిలిప్స్ సంస్థకు చెందిన శాంగ్‌స్టర్, టీర్ ‘బకెట్ బ్రిగేడ్’ పద్ధతిని ప్రకటించారు. మంటలార్పేటప్పుడు జనం వరుసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చినట్టు, ఈ చిప్‌లో వేల కెపాసిటర్లు విద్యుదావేశాన్ని ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. 4,096 దశలున్న చిప్‌ను సెకనుకు 10,000 సార్లు నడిపితే సంకేతం చివరకు చేరడానికి సుమారు 0.2 సెకను పడుతుంది. ఇంకా ఆలస్యం కావాలంటే ఇంకా నెమ్మదిగా నడపాలి. నెమ్మదిస్తే పై పౌనఃపున్యాలు పోతాయి. ప్రతి ప్రతిధ్వనీ ముందుదాని కన్నా మసకగా, దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఇంజనీర్లకు అది పరిమితి, గిటారిస్టులకు అదే ఇంపు.

ఎవరూ పరికరంగా లెక్కించనిది గిటార్‌కూ పెడల్‌కూ మధ్యనున్న కేబుల్. పాత టెలిఫోన్ తీగలా చుట్టలు తిరిగిన పొడవాటి కేబుల్ శబ్దాన్ని మెత్తబరుస్తుంది. పికప్ ప్రేరకత్వం, కేబుల్ కెపాసిటెన్స్ కలిసి ఒక అనునాద వలయంగా మారతాయి. పికప్ 2.5 హెన్రీలు, కేబుల్ 500 పికోఫారడ్లు అయితే అనునాదం 4,500 హెర్ట్జ్‌ల దగ్గర వస్తుంది. కేబుల్ 1,000 పికోఫారడ్లకు చేరితే అది సుమారు 3,200కు దిగుతుంది. కొత్త పెడల్ కొనడానికి ముందు తీగ మార్చి చూడటం చాలా చవక.

నకలు ఎక్కడ తడబడుతుంది?

కంప్యూటర్‌లో ఫజ్‌ను అనుకరించడం ఇప్పుడు బాగానే సాధ్యమవుతోంది. కష్టం రెండు చోట్ల ఉంది. కోతతో పుట్టే అనుస్వరాలు డిజిటల్ నమూనా వేగంలో సగాన్ని దాటితే, వెనక్కి ముడుచుకుని పొసగని స్వరాలుగా వినిపిస్తాయి. లెక్కను ఎన్నో రెట్ల వేగంతో చేసి, అదనపు భాగాన్ని వడగట్టి దీన్ని అదుపు చేస్తారు. రెండోది, పాత ఫజ్ గిటార్‌ను ఒంటరిగా వదలదు. దాని ప్రవేశ నిరోధం చాలా తక్కువ కాబట్టి పికప్ మీద భారం మోపుతుంది. గిటార్ మీది వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే చాలు, గరగర కరిగి శుభ్రమైన స్వరం వస్తుంది. పికప్, కేబుల్, పెడల్ మూడూ కలిసి ఒకే వాద్యంగా పనిచేస్తాయి. మధ్యలో ఏది మార్చినా వేళ్ల కింద తేడా తెలుస్తుంది.

ఇంట్లో అటక మీద పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే తుక్కువాడికి ఇచ్చే ముందు ఒకసారి వెనుక మూత తీసి చూడటం మంచిది. ఏసీ128 అన్న అంకెలు కనిపిస్తే అది ఇంకా పాడగలదు. కాకపోతే ఎండలో పెట్టకూడదు.